తెగిన నరం దేన్ని పట్టుకుని పాకుతుంది?

1903వ సంవత్సరం ఏప్రిల్ 25న, లండనులో హెన్రీ హెడ్ అనే వైద్యుడు తన ఎడమచేతి నరాన్ని తానే కోరి కోయించుకున్నాడు. ప్రమాదమేమీ జరగలేదు. జబ్బూ లేదు. నరం తెగిన రోగులను ఎందరిని అడిగినా వారు చెప్పే జవాబులు ఆయనకు తృప్తినివ్వలేదు. "ఇప్పుడెలా ఉంది?" అంటే "ఏదోలా ఉందండీ" అనే రోగితో శాస్త్రం ముందుకు సాగదు కదా. అందుకని తానే రోగి అయ్యాడు. జేమ్స్ షెర్రెన్ అనే శస్త్రవైద్యుడు మోచేతి దగ్గర, చర్మానికి స్పర్శనిచ్చే నరాలను కోసి, కొసలను సన్నని పట్టుదారంతో కలిపి కుట్టాడు. ఆ తరువాత నాలుగేళ్లపాటు హెడ్ వీలైనప్పుడల్లా కేంబ్రిడ్జికి వెళ్లి, రివర్స్ అనే మిత్రుని గదిలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. రివర్స్ ఆ చేతిని సూదితో పొడిచి, దూదితో తాకి, వేడివీ చల్లనివీ ఆనించి, ఏది తెలుస్తున్నదో ఏది తెలియడం లేదో వ్రాసుకునేవాడు. (మన నీలగిరుల తోడా ప్రజల మీద 1906లో ఉద్గ్రంథం వెలువరించిన రివర్స్ ఈయనే. ఒకే మనిషి ఇన్ని పనులు ఎలా చేశాడో!)

ముందుగా పొడుపు నొప్పి తిరిగివచ్చింది, అదీ మొరటుగా, ఎక్కడ పొడిచారో సరిగా చెప్పలేనంతగా. సున్నితమైన స్పర్శ ఎంతో కాలానికి గాని రాలేదు. ఈ తేడాను బట్టి మనిషికి రెండు వేర్వేరు స్పర్శవ్యవస్థలు ఉన్నాయని 1908లో ఇద్దరూ ప్రకటించారు. ఆ సిద్ధాంతం నిలవలేదు. తమ నరాలను తామే కోయించుకున్న మరికొందరు వైద్యులే దానిని త్రోసిపుచ్చారు. నిలిచినది ఒక సాదా సంగతి: కోసిన నరం మళ్లీ పెరిగింది, దారి వెతుక్కుంటూ చర్మం దాకా వచ్చింది. రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పాకి వచ్చింది.

అదే నరం వెన్నుపాములో తెగి ఉంటే? అంగుళమైనా కదలదు. ఈ తారతమ్యం వెనుక నూట యాభై యేళ్ల అన్వేషణ ఉంది. అందులో ఒక పాయ, కణాలను ఒకదానికొకటి అంటించే ఒక ప్రొటీను కథ. ఆ పాయనే ఇక్కడ పట్టుకుంటాను. ప్రొటీనును మన పాఠ్యపుస్తకాలు మాంసకృత్తు అన్నాయి. పప్పులోనూ పాలలోనూ ఉండేదాన్ని మాంసకృత్తు అనడం నాకు రుచించదు గనుక ప్రొటీను అనే వ్రాస్తాను.

*

1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి చూశాడు. కోసినచోటికి ఆవల, అంటే కణదేహం నుంచి విడిపోయిన భాగం, కొద్దిరోజుల్లో తునకలు తునకలై నశించింది. ఈవలి భాగం బ్రతికి ఉంది. నరపు తంతువు తన ప్రాణాన్ని దూరాన ఉన్న కణదేహం నుంచి తెచ్చుకుంటుందని దీనివల్ల తెలిసింది. అయితే చనిపోయిన భాగం ఖాళీగా ఉండదు. అందులో తంతువులు పోయినా, వాటిని చుట్టుకుని ఉన్న శ్వాన్ కణాలు మిగిలి, సంఖ్య పెంచుకుని, వరుసలుగా బారులు తీరతాయి. 1891లో వాటిని వర్ణించిన జర్మను వైద్యుని పేరిట బ్యూంగ్నర్ పట్టీలు అంటారు. తిరిగి పెరిగే తంతువు ఈ పట్టీల వెంటనే పాకుతుంది. వరదలో కొట్టుకుపోయిన రైలుకట్ట మీద పట్టాలు మాత్రం మిగిలినట్టు అనుకోండి.

స్పెయిను దేశపు రమోన్ ఇ కహాల్ 1913-14లో రెండు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలో ఈ క్షయాన్నీ పునర్జన్మనూ పూసగుచ్చినట్టు చిత్రించాడు. చేతి నరం, కాలి నరం పెరుగుతాయి; మెదడులో, వెన్నుపాములో తెగిన తంతువు కొద్దిగా మొలకెత్తినట్టే ఎత్తి ఆగిపోతుంది. ఆయన శిష్యుడు తెల్యో, అంగాల నరపు ముక్కను తెచ్చి మెదడులో నాటితే అక్కడి తంతువులు అందులోకి చొరబడ్డట్టు అప్పటికే చూపాడు. అంటే తంతువుకు పెరిగే శక్తి లేక కాదు, పరిసరంలో ఏదో లేక. ఈ ఊహ డెబ్బై యేళ్లు అలాగే పడి ఉండిపోయింది.

ఇక తంతువు పెరగడాన్ని కళ్లారా చూసినవాడు రాస్ హారిసన్. 1907లో కప్ప పిండం నుంచి చిన్న ముక్క తీసి, గడ్డకట్టిన శోషరసపు బొట్టులో ఉంచి, సూక్ష్మదర్శినిలో తంతువు కొస వేళ్లు చాపుతూ ముందుకు పాకడం చూశాడు. తరువాత ఆయన చేసిన ఒక చిన్న ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఉత్త ద్రవంలో ఉంచితే పిండకణాలు కదలవు. అదే ద్రవంలో సాలెపురుగు దారాలు సాగదీసి ఉంచితే, ఆ దారాలను పట్టుకుని ప్రాకుతాయి. 1914లో ఆయన దీనిని వివరంగా ప్రచురించాడు. కణం ఈదదు, దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి. అయితే దేనితో పట్టుకుంటుంది? ఆ చేయి ఏమిటి?

*

దీనికి జవాబు నరాల వైపు నుంచి కాక సముద్రపు స్పాంజి వైపు నుంచి మొదలైంది. అదే 1907లో అమెరికా తూర్పుతీరాన విల్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు బ్రతికున్న స్పాంజిని సన్నని పట్టుగుడ్డలో మూటగట్టి పిండాడు. విడివిడి కణాలుగా నీళ్లలోకి జారిన ఆ స్పాంజి, కొన్నాళ్లకు కణానికి కణం అతుక్కుని మళ్లీ స్పాంజి అయింది. తరువాత హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచరాల పిండకణాలను కలగలిపి చూస్తే, చర్మకణాలు చర్మకణాలను, నాడీకణాలు నాడీకణాలను వెతుక్కుని వేరుపడ్డాయి. 1950ల నాటికి మొస్కోనా ట్రిప్సిన్ అనే జీర్ణరసంతో కోడిపిల్ల కణజాలాన్ని విడదీసి, మళ్లీ ఎలా కూడుకుంటుందో లెక్కగట్టే పద్ధతి ఏర్పరచాడు. ట్రిప్సిన్ ప్రొటీన్లను తెంచుతుంది. తెంచితే కణాలు విడిపోతున్నాయంటే, అంటించినది ప్రొటీనే అయ్యుండాలి.

ఉన్నదని తెలియడం వేరు, పట్టుకోవడం వేరు. కణం పైపొరలో వేలాది ప్రొటీన్లుంటాయి. వాటిలో జిగురు ఏదో ఎలా తేల్చడం? ఇక్కడికి జెరాల్డ్ ఎడెల్మన్ వచ్చాడు. ప్రతిరక్షకాల నిర్మాణాన్ని విప్పి చెప్పినందుకు 1972లో రాడ్నీ పోర్టరుతో కలిసి నోబెల్ బహుమతి పొందినవాడు. బహుమతి వచ్చాక హాయిగా ఆ రంగంలోనే పెద్దరికం చేయవచ్చు. ఆయన నాడీమండలం వైపు తిరిగాడు. చేతిలో ఉన్న పనిముట్టు మాత్రం పాతదే, ప్రతిరక్షకం.

ఉపాయం ఇది. కోడిపిల్ల కంటిపొర కణాలను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు వాటి పైపొర మీద ఉన్న ప్రతి ప్రొటీనుకూ ప్రతిరక్షకం తయారు చేస్తుంది. ప్రతిరక్షకానికి రెండు చేతులుంటాయి గనుక అదే రెండు కణాలను కలిపేస్తుంది. కాబట్టి దానిని ఒంటిచేతి ముక్కలుగా చేయాలి. ఒంటిచేతి ముక్క జిగురును కప్పేస్తుంది గాని తాను అంటించదు. ఆ ముక్కలు కలిపితే కణాలు అతుక్కోవడం మానేశాయి. తరువాత కణపొర ప్రొటీన్లను వేరువేరు వాటాలుగా తీసి ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే, ఏ వాటా ఆ అడ్డును పోగొడుతుందో అందులో జిగురు ఉన్నట్టు. (ఈ ఒంటిచేతి యుక్తిని అంతకుముందే జర్మనీలో గెరిష్ బృందం ఒక జిగటబూజు మీద వాడింది. ఆ ఋణం చెప్పకపోతే న్యాయం కాదు.) అలా 1977లో తియెరీ, బ్రాకెన్‌బరీ, రుటిషౌజర్, ఎడెల్మన్ కలిసి నాడీకణాల జిగురును శుద్ధిచేసి చూపారు. అదే తరువాత ఎన్-క్యామ్ అయింది.

పదేళ్ల తరువాత దాని అమినో ఆమ్లాల వరుస చదివితే ఎడెల్మన్‌కే ఆశ్చర్యం వేసి ఉండాలి. ఆ జిగురు, తాను యౌవనమంతా వెచ్చించి చదివిన ప్రతిరక్షకపు మడతలతోనే తయారై ఉంది! కణాలను అంటించే పాత మడతనే పరిణామం తరువాత రోగరక్షణకు మళ్లించిందని ఆయన 1987లో వాదించాడు. పురుగులకూ ఈగలకూ మనవంటి ప్రతిరక్షకాలు లేవు, ఈ మడతలున్న జిగుళ్లు మాత్రం ఉన్నాయి. వాదన బలమైనదే.

*

ఎన్-క్యామ్‌కు చెల్లెలి వంటిది మన కథానాయిక ఎల్-1. దీని ఆవిష్కరణ కథలో ఒక తమాషా ఉంది. 1978లో అమెరికాలో కొందరు, నరవృద్ధి కారకం తగిలితే ఎక్కువయ్యే ఒక పెద్ద ప్రొటీనును గుర్తించి నైల్ అన్నారు. 1983-84లో హైడెల్బర్గులో మెలిటా షాఖ్నర్ బృందం, ఎలుకపిల్ల చిన్నమెదడులో కణాల వలసను అడ్డుకునే ప్రతిరక్షకం ద్వారా ఒక ప్రొటీనును పట్టుకుని ఎల్-1 అంది. అదే ఏడు ఎడెల్మన్ బృందం కోడిపిల్లలో ఎన్‌జి-క్యామ్ అంది. మరి రెండు ప్రయోగశాలలు జి-4 అనీ, 8డి9 అనీ పేర్లు పెట్టుకున్నాయి. తీరా పోల్చి చూస్తే ఎలుకలోని నైల్, ఎల్-1 ఒకటే. కోడిపిల్లలోని ఆ మూడు పేర్లూ దాని కోడి రూపానివే. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ ఇక్కడ సరిగ్గా అతకదు. వీరందరూ తడిమినది తొండాన్నే, పేర్లే వేరు.

మనుషుల్లో ఎల్-1 పొడవు 1257 అమినో ఆమ్లాలు. కణం వెలుపల ప్రతిరక్షకపు తరహా మడతలు ఆరు, వాటికింద ఫైబ్రోనెక్టిన్ తరహా మడతలు ఐదు, పొరను దాటి లోపలికి ఒక పొట్టి తోక. ఒక కణం మీది ఎల్-1 ఎదుటి కణం మీది ఎల్-1ను పట్టుకుంటుంది. వేరే ప్రొటీన్లనూ పట్టుకోగలదు. అసలు మర్మం లోపలి తోకలో ఉంది. అది కణపు అస్థిపంజరానికి తగులుకుంటుంది. తంతువు మొనలో ఆక్టిన్ పోగులు ఎప్పుడూ వెనక్కు జారుతూ ఉంటాయి. వెలుపల పట్టు లేనప్పుడు ఆ జారుడు వృథా, ఇసుకలో చక్రం తిరిగినట్టు. ఎల్-1 వెలుపల పొరుగు కణాన్ని, లోపల ఆక్టిన్‌ను ఒకేసారి పట్టినప్పుడు ఆ లాగుడే మొనను ముందుకు జరుపుతుంది. కనుక జిగురు అన్న మాట ఇక్కడ కొంత మోసకారి. జిగురు కదలనివ్వదు, ఇది కదిలిస్తుంది. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు కాళ్లకు వేసుకునే బంధం గుర్తుకు వస్తుంది నాకు.

*

ఈ పట్టు లేకపోతే ఏమవుతుందో ఒక కుటుంబం, ఎల్-1 పేరు ఎవరికీ తెలియక ముందే, ఘోరంగా అనుభవించింది. 1949లో బికర్స్, ఆడమ్స్ అనే వైద్యులు ఆ కుటుంబాన్ని గురించి వ్రాశారు. పుట్టిన మగపిల్లలు వరుసగా తలలో నీరుచేరి మరణిస్తున్నారు. ఆడపిల్లలకు ఏమీ లేదు. మెదడు లోపలి గదులను కలిపే సన్నని కాలువ మూసుకుపోవడమే కారణమని వారు తలచారు. జబ్బు తల్లి ద్వారా కొడుకులకు వస్తున్నది గనుక దోషం ఎక్స్ క్రోమోసోము మీద ఉండాలి. సుమారు 30,000 మగ జననాల్లో ఒకటి అని దీని లెక్క. 1974లో మరొక కుటుంబాన్ని వేరే వైద్యులు వర్ణించారు. ఆ మగపిల్లలు బ్రతికారు గాని బుద్ధిమాంద్యం, మాట రాకపోవడం, కాళ్లు ఈడ్చే నడక, అరచేతిలోకి ముడుచుకుపోయిన బొటనవేళ్లు. ఈ రెండూ ఒకే జబ్బని అప్పుడు ఎవరనుకుంటారు?

1992లో కేంబ్రిడ్జిలో రోజెంతాల్, జువే, కెన్‌రిక్ మొదటి జబ్బున్న ఒక కుటుంబంలో ఎల్-1 జన్యువు చెడి ఉన్నదని చూపారు. 1994లో రెండవ జబ్బూ అదే జన్యువుదని తేలింది. అప్పటినుంచి ఈ జన్యువులో 200కు పైగా దోషాలు బయటపడ్డాయి. 1995లో ఈ లక్షణాలన్నిటి తొలి అక్షరాలు కలిపి క్రాష్ అని పేరు పెట్టారు. పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లికి చెప్పవలసిన పేరా అది! ఇప్పుడు ఎల్-1 సిండ్రోమ్ అనే అంటున్నారు, అదే మేలు.

ఆ తరువాత ఎల్-1 లేని ఎలుకలను పుట్టించి చూశారు. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే ప్రధాన తంతువులు మెడ దగ్గర కుడినుంచి ఎడమకు దాటవలసిన చోట చాలా భాగం దాటలేకపోయినట్టు 1998లో కనిపించింది. ఆ పిల్లల కాళ్లు ఎందుకు బిగుసుకుపోతాయో దీనితో కొంత అర్థమవుతుంది. కాలువ మూసుకుపోవడమే తలలో నీటికి మూలమా, లేక నీరు పెరిగినందువల్ల కాలువ నలిగిందా అన్న వాదం ఎలుకలను చూశాక మళ్లీ మొదలైంది. బికర్స్, ఆడమ్స్ ఊహించినంత తేలిక కాదన్నమాట.

జన్యువు దొరకడం వల్ల ఆ కుటుంబాలకు కలిగిన మేలు మందు కాదు, మాట. దోషాన్ని మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ సగం అవకాశం ఉన్నదని, గర్భంలోనే పరీక్షించవచ్చునని చెప్పగలిగారు. ఇక, తల్లిలో ఉన్నంత మాత్రాన అది తల్లి చేసిన తప్పు కాదు. ఈ ముక్క మన ఇళ్లలో కాస్త గట్టిగానే చెప్పవలసి ఉంటుంది.

మద్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భిణి తాగితే బిడ్డ మెదడు దెబ్బతింటుందని 1973లో వైద్యులు ఒక జబ్బుగా నిర్వచించారు. ఆ బిడ్డల మెదడులోని లోపాలకూ ఎల్-1 లోపాలకూ పోలికలు కనబడి, బోస్టనులో చార్నెస్ బృందం 1990లలో పరీక్షించింది. మితంగా తాగినా రక్తంలో చేరేపాటి ఆల్కహాలే ఎల్-1 పట్టును సడలిస్తుందని 1996లో ప్రకటించారు. మరుసటి ఏడే మరో ప్రయోగశాల, వేరే రకం కణాల్లో ఆ ఫలితం రాలేదంది. మద్యం చేసే చెరుపుకు దారులు అనేకం, ఎల్-1 వాటిలో ఒకటి కావచ్చునన్నంతవరకే నేను ఒప్పుకుంటాను.

*

మళ్లీ తెగిన నరం దగ్గరకు వస్తే, 1980, 81లలో మాంట్రియలులో అగ్వాయో బృందం తెల్యో పాత ప్రయోగాన్ని కొత్త పద్ధతులతో చేసింది. ఎలుక కాలి నరపు ముక్కను వంతెనలా వెన్నుపాముకు వేస్తే, కదలవనుకున్న కేంద్ర తంతువులు అందులో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి. వంతెన దాటి మళ్లీ వెన్నుపాములో అడుగుపెట్టగానే ఆగాయి. ఊహ నిజమైంది, తేడా నేలలో ఉంది. శ్వాన్ కణాల నేలలో ఏముంది? 1988లో మార్టీని, షాఖ్నర్ ఎలుక తొడనరాన్ని నలిపి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. మామూలుగా మందపు తొడుగు వేసిన శ్వాన్ కణం ఎల్-1ను, ఎన్-క్యామ్‌ను తీసి దాచుకుని ఉంటుంది. తంతువు తెగగానే మళ్లీ బయటకు తెస్తుంది. కొత్త తంతువు మొనకూ ఆ శ్వాన్ కణానికీ మధ్య, సరిగ్గా ఆనుకున్న చోట, రెండువైపులా ఎల్-1 కనిపించింది. తొడుగు మళ్లీ ఏర్పడగానే మాయమైంది. బిడ్డ మెదడు కట్టిన పనిముట్టునే దెబ్బ తగిలినప్పుడు శరీరం అటకమీంచి దించుతోందన్నమాట. వెన్నుపాములోని తొడుగు కణాలు ఆ పని చేయవు. పైగా అక్కడి తొడుగులో పెరుగుదలను అణచే ప్రొటీన్లున్నాయని 1988లోనే జూరిక్‌లో ష్వాబ్ చూపాడు.

అయితే వెన్నుపాములో మనమే ఎల్-1 పోస్తే? 2003లో, గాయపడిన ఎలుకల వెన్నుపాము చుట్టూ కరిగే ఎల్-1 ముక్కను ప్రవహింపజేస్తే నడక కొంత మెరుగైందని ఒక బృందం చూపింది. 2007లో షాఖ్నర్ బృందం నిరపాయకరమైన వైరసు ద్వారా ఆ జన్యువును ఎక్కించి అటువంటి ఫలితమే పొందింది. ఇక విజయమే అనుకునే దశలో, 2009లో అదే షాఖ్నర్ బృందం ఎల్-1 అసలే లేని ఎలుకల తొడనరాన్ని కోసి చూసింది. అవి వెనుకబడతాయని కదా అనుకోవాలి? మామూలు ఎలుకలకన్నా బాగా కోలుకున్నాయి! ఎల్-1 లేనప్పుడు శ్వాన్ కణాలు ఇంకా ఎక్కువగా వృద్ధి పొంది తంతువులకు దన్నుగా నిలిచాయి. తన జీవితకాలపు ప్రొటీనుకు వ్యతిరేకమైన ఈ ఫలితాన్ని ఆమె దాచిపెట్టక ప్రచురించింది. ఎల్-1 మీద చదివినవాటిలో నాకు అందరికన్నా ఆమె మీద గౌరవం పెంచిన వ్యాసం అది.

ఎల్-1ను పోయడంలో ఇంకొక చిక్కు నరాల బయట ఉంది. అండాశయ, గర్భాశయ క్యాన్సరు కణితుల్లో ఎల్-1 కనిపించిన రోగులు త్వరగా మరణిస్తున్నారని 2003లో హైడెల్బర్గు పరిశోధకులు చూపారు. 2014లో న్యూయార్కులో మస్సాగే బృందం, మెదడులో చేరిన క్యాన్సరు కణాలు ఎల్-1తో రక్తనాళాలను పట్టుకుని వాటి వెంట పాకుతున్నట్టు కనిపెట్టింది. హారిసన్ సాలెదారాల మీద కణాలు పాకినట్టే! 2020లో అదే బృందం పేగు క్యాన్సరును పరిశీలించి మరొక సంగతి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పేగుగోడకు ఎల్-1 అక్కర లేదు. పుండుపడితే మానడానికి కావాలి. కణితి నుంచి విడివడిన కణం, ఆ పుండు మాన్పే విద్యనే దొంగిలించి వేరే అవయవంలో స్థిరపడుతుంది.

అందువల్ల ఎల్-1 పట్టును సడలించే ప్రతిరక్షకాలను క్యాన్సరు ఎలుకల మీద పరీక్షించేవారు ఒకవైపు, పట్టును పెంచే మార్గాలను వెన్నుపాము ఎలుకల మీద పరీక్షించేవారు మరొకవైపు పనిచేస్తూ వచ్చారు. చేతి నరం తెగినవారికి ఇప్పటికీ శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శిని కింద కొసలు కలిపి కుట్టడమే చేస్తాడు, హెడ్ నాటికన్నా ఎన్నో రెట్లు సన్నని దారంతో. త్వరపడతాడు కూడా, ఎందుకంటే తంతువు కోసం నెలల తరబడి ఎదురుచూసిన శ్వాన్ కణాలు క్రమంగా ఆదరించే శక్తిని కోల్పోతాయి. చంక దగ్గర తెగితే వేళ్లదాకా రావడానికి, రోజుకు ఆ ఒక్క మిల్లీమీటరు లెక్కన, ఏడాదికి పైనే పడుతుంది. వెన్నుపాము తెగినవారికి ఎల్-1 ఆధారంగా ఆమోదం పొందిన మందు ఈనాటికీ లేదు.